అధికారిక గణాంకాలను మెరుగుపరిచే వృత్తిలోకి ఎలా వెళ్ళాలి

వరి కోతల కాలంలో మండల గణాంక సిబ్బంది పొలంలో చేసే పనిని ఒక్కసారి దగ్గరుండి చూసినవారికి ఈ వృత్తి సగం అర్థమైనట్టే. యాదృచ్ఛికంగా ఎంపికైన సర్వే నంబరులో నైరుతి మూల నుంచి మొదలుపెట్టి, కాగితం మీద ఉన్న రెండు యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారం పొడవు వెంట కొంత, వెడల్పు వెంట కొంత లోపలికి నడిచి, అక్కడ మేకు పాతి, ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు గల చతురస్రాన్ని తాడుతో గుర్తిస్తారు. అందులోని పైరును కోసి, నూర్చి, తూర్పారబట్టి, గింజలను తూకం వేస్తారు. ఇదే పంటకోత ప్రయోగం. ఆ 25 చదరపు మీటర్ల తూకాన్ని 400తో గుణిస్తే హెక్టారు దిగుబడి వస్తుంది. అంటే తూకంలో 100 గ్రాముల తేడా వస్తే హెక్టారుకు 40 కిలోల తేడా వస్తుంది.

తాడు సరిగ్గా ఒక దుబ్బు మీదుగా పోయినప్పుడు ఆ దుబ్బు లోపలిదా, బయటిదా అన్నది అక్కడ నిలబడిన మనిషి తేల్చుకోవాలి. గింజ నిండుగా పట్టిన దుబ్బయితే చెయ్యి తనకు తెలియకుండానే దాన్ని లోపలికి లాగుతుంది. ఐదు మీటర్ల చతురస్రానికి 25 చదరపు మీటర్లకు 20 మీటర్ల అంచు ఉంటుంది కాబట్టి ప్రతి చదరపు మీటరుకు 0.8 మీటరు అంచు వస్తుంది. అదే ఒక మీటరు చతురస్రమైతే ప్రతి చదరపు మీటరుకు 4 మీటర్ల అంచు, అంటే ఐదు రెట్లు. చిన్న మడి వల్ల దిగుబడి అంచనా పైకి పోయే ప్రమాదం ఉన్నది ఇందుకే. 1940లలో బెంగాల్‌లో చిన్న కోతలతో సర్వేలు నడిపిన గణాంకశాస్త్రవేత్త ప్రశాంతచంద్ర మహలనోబిస్‌కూ, పెద్ద మడులే కావాలన్న మరో గణాంకశాస్త్రవేత్త పి.వి. సుఖాత్మేకూ మధ్య సాగిన ప్రసిద్ధ వాదంలో ఇది ప్రధానాంశం. ఆ ఇద్దరి స్థాయి మేధావులు దుబ్బు, తాడు, అంచు గురించి అంత పట్టుదలగా వాదించుకున్నారంటే, ఈ వృత్తిలో బుద్ధిని ఎక్కడ ఖర్చుపెట్టాలో మనకు తెలుస్తుంది.

డిగ్రీలోనో పీజీలోనో గణాంకశాస్త్రం చదువుతూ, ప్రైవేటు కంపెనీల డేటా సైన్స్ ఉద్యోగాలు కాక ఇంకేమైనా ఉందా అని అడిగే విద్యార్థుల కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. భారతదేశంలోనూ, ఆసియా, ఆఫ్రికాలలోని ఇతర వర్ధమాన దేశాలలోనూ ప్రభుత్వ గణాంకాలను బాగుచేసే పని ఒక పూర్తి జీవితానికి సరిపడేంత ఉంది. సంఖ్య ఎక్కడ పుడుతుందో అక్కడికి వెళ్ళి చూసే అలవాటు ఉన్నవారే ఆ పని చేయగలరని నా దృఢమైన అభిప్రాయం. కింద చెప్పే సలహాలన్నీ ఆ అభిప్రాయం నుంచి వచ్చినవే.

ఈ సంఖ్యల మీద ఏమేమి ఆధారపడి ఉన్నాయి

2010 నవంబరులో ఘనా దేశం తన జీడీపీ లెక్కకు ఆధార సంవత్సరాన్ని 1993 నుంచి 2006కు మార్చగానే ఆర్థిక వ్యవస్థ పరిమాణం సుమారు 60 శాతం పెరిగినట్టు తేలింది, దేశం దిగువ మధ్యాదాయ దేశాల జాబితాలోకి వెళ్ళింది. 2014 ఏప్రిల్‌లో నైజీరియా 1990 నుంచి 2010కి మారినప్పుడు 2013 జీడీపీ అంచనా 89 శాతం పెరిగింది. రాత్రికి రాత్రి ఎవరి ఇంట్లోనూ ఆదాయం పెరగలేదు. టెలికాం, సినిమా వంటి రంగాలు ఎదిగినా లెక్కలు పాత ఆర్థిక వ్యవస్థనే కొలుస్తూ ఉండిపోయాయి.

మన దగ్గర 2013 నాటి ఆహార భద్రతా చట్టం గ్రామీణ జనాభాలో 75 శాతం వరకు, పట్టణ జనాభాలో 50 శాతం వరకు వర్తిస్తుంది. ఆ జనాభా 2011 జనాభా లెక్కల నాటిది. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడి, దాని ప్రామాణిక తేదీ 2027 మార్చి 1కి వెళ్ళింది. ఈ మధ్య కాలంలో పుట్టినవారిని చేర్చి చూస్తే ఎందరికి రేషన్ కార్డు అందాలో ఆ సంఖ్య మారుతుంది. ఇక శాంపిల్ సర్వేలకు గ్రామాల జాబితాను అందించేది కూడా జనగణనే కాబట్టి, జాబితా పాతబడిన కొద్దీ కొత్తగా వెలసిన కాలనీలు శాంపిల్‌లోకి రాకుండా పోతాయి.

ఏం చదవాలి

ప్రసిద్ధ గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణకు చేరారు. తెలుగు విద్యార్థులు తరచూ గర్వంగా చెప్పుకునే ఆ ప్రయాణంలో నాకు ముఖ్యంగా తోచేది, ఆయన సిద్ధాంతం ఎదిగిన సంస్థ సర్వేలతో, కొలతలతో నిండి ఉన్న చోటు కావడం. 1931లో మహలనోబిస్ స్థాపించిన ఆ సంస్థలో సిద్ధాంతమూ క్షేత్రపనీ ఒకే కప్పు కింద ఉండేవి.

మీరు ఏ విశ్వవిద్యాలయంలో చదివినా శాంపిల్ సర్వే సిద్ధాంతాన్ని పరీక్ష కోసం కాక పని కోసం చదవండి. స్తరీకరణ (జనాభాను ఒకే తీరు వర్గాలుగా విడగొట్టడం), సమూహ ప్రతిచయనం (ముందు ఊళ్ళను, తరువాత వాటిలోని కుటుంబాలను ఎంచుకోవడం), పరిమాణానికి అనుపాతంగా ఎంపిక (పెద్ద ఊరికి ఎక్కువ అవకాశం ఇవ్వడం) అనే మూడూ చేతికి అలవాటు కావాలి. ఉదాహరణకు 100 గ్రామాలలో గ్రామానికి 8 చొప్పున 800 కుటుంబాలను సర్వే చేశారనుకుందాం. ఒకే ఊరి కుటుంబాలు కొంతవరకు ఒకే తీరుగా ఉంటాయి. ఆ పోలిక సూచిక 0.1 అయితే డిజైన్ ప్రభావం, అంటే ఈ పోలిక వల్ల శాంపిల్ ఎన్ని రెట్లు పలచబడిందో చెప్పే సంఖ్య, 1 + (8 − 1) × 0.1, అంటే 1.7. కాబట్టి ఆ 800 కుటుంబాలు సాధారణ యాదృచ్ఛిక శాంపిల్‌లోని 470 కుటుంబాలకే సమానం. ఈ లెక్క తెలియనివారు జిల్లా స్థాయి శాతాలను రెండు దశాంశ స్థానాల వరకు ప్రకటించి, మరుసటి ఏడాది అవి ఎందుకు ఎగిరిపడ్డాయో వివరించలేక ఇబ్బంది పడతారు.

దీనితోపాటు జనాభాశాస్త్రం, జాతీయ ఆదాయ లెక్కలు, సూచీ సంఖ్యలు చదవాలి. మన కళాశాలల్లో జాతీయ ఆదాయ లెక్కలను అర్థశాస్త్రం వారికి వదిలేస్తారు, అది సరికాదు. ప్రోగ్రామింగ్‌లో ఆర్ గానీ స్టాటా గానీ ఒకటి బాగా వస్తే చాలు. సర్వే ఫారాలను ట్యాబ్‌లోకి ఎక్కించడానికి అమెరికా సెన్సస్ బ్యూరో వారి సీఎస్‌ప్రో, ప్రపంచ బ్యాంకు వారి సర్వే సొల్యూషన్స్ ఉచితంగా దొరుకుతాయి. చాలా దేశాల గణాంక కార్యాలయాలు వీటినే వాడుతున్నాయి కాబట్టి సెలవుల్లో ఒక నెల వెచ్చించి నేర్చుకోవడం మంచిది.

ఇంట్లో కూర్చుని చేయదగిన మొదటి అభ్యాసం

జాతీయ గణాంక కార్యాలయం తన సర్వేల యూనిట్ స్థాయి దత్తాంశాన్ని (పేర్లు లేకుండా ఒక్కొక్క కుటుంబం ఇచ్చిన జవాబులను) ఉచితంగా అందిస్తుంది. కాలానుగత శ్రామికశక్తి సర్వే పాత సంవత్సరాలలో ఏదైనా ఒకదాన్ని దింపుకోండి. ముద్రిత నివేదికలోంచి ఒక పట్టికను, ఉదాహరణకు గ్రామీణ స్త్రీల శ్రామికశక్తి భాగస్వామ్యాన్ని తీసుకుని, ముడి దత్తాంశం నుంచి అదే సంఖ్యను మీరే రాబట్టే ప్రయత్నం చేయండి. మొదటిసారి రాదు. ఎక్కడ తప్పిందో వెతకడంలోనే అసలు చదువు ఉంది.

ఆ దత్తాంశంలో మల్టిప్లయర్ అనే నిలువు వరుస ఉంటుంది. శాంపిల్‌లోని ఒక్కొక్కరు మొత్తం జనాభాలో ఎందరికి ప్రతినిధులో అది చెబుతుంది. దాన్ని కొన్ని వరుసలకు 100తోనూ, కొన్నింటికి 200తోనూ భాగించమని సూచనల ఫైలు చెబుతుంది. చాలామంది కారణం అడగకుండానే భాగించేస్తారు. దశాంశ బిందువు లేకుండా రాశారు కాబట్టి 100తో భాగించాలి. శాంపిల్‌ను రెండు స్వతంత్ర ఉప శాంపిళ్ళుగా తీసినచోట ఆ రెండు అంచనాల సగటు కావాలి కాబట్టి 200తో భాగించాలి. ఒకే జనాభా నుంచి రెండు వేర్వేరు శాంపిళ్ళు తీసి, వాటి ఫలితాలను పోల్చి సర్వే నాణ్యతను తెలుసుకోవాలన్నది మహలనోబిస్ ఆలోచన. దశాబ్దాల తరువాత కూడా అది ఆ ఫైలులోని ఒక్క వాక్యంలో బతికే ఉంది. మీరు కూడా రెండు ఉప శాంపిళ్ళకూ విడివిడిగా అంచనా కట్టి, మీ జిల్లాకు వాటి మధ్య ఎంత తేడా వస్తుందో చూడండి. జిల్లా గణాంకాలను ఎంతవరకు నమ్మవచ్చో ఆ తేడాయే చెబుతుంది.

ప్రశ్న అడగడం నేర్చుకోవాలి

గడిచిన 30 రోజుల్లో ఇంట్లో ఎంత నూనె వాడారని ఒక గృహిణిని అడిగితే, ఆమె నెల సరుకుల చీటీని గుర్తుచేసుకుని చెబుతుంది. గడిచిన 7 రోజుల్లో ఎంతని అడిగితే వంటింటిని గుర్తుచేసుకుని చెబుతుంది. రెండు జవాబులూ నిజాయితీగా చెప్పినవే అయినా ఒకదానితో ఒకటి సరిపోవు. 1999-2000లో జరిగిన జాతీయ నమూనా సర్వే 55వ రౌండ్‌లో ఆహార పదార్థాలకు ఈ రెండు గడువులనూ ఒకే ఫారంలో పక్కపక్కన పెట్టారు. ఒక గడికి చెప్పిన జవాబు రెండో గడిని ప్రభావితం చేసిందన్నది విమర్శ. 1993-94లో 36 శాతంగా ఉన్న పేదరికం 26.1 శాతానికి తగ్గిందన్న అంచనాలో ఎంత భాగం నిజంగా తగ్గినది, ఎంత భాగం ప్రశ్న మార్చడం వల్ల వచ్చినది అన్న చర్చ ఏళ్ళ తరబడి సాగింది. కోట్లమంది పేదరికం గురించిన వాదమంతా ఒక నిలువు గీత పక్కన గీసిన ఇంకో నిలువు గీత దగ్గరికి వచ్చి ఆగింది.

వయసు అడగడం ఇంతకంటే సులువేమీ కాదు. జనన ధ్రువపత్రాలు లేని తరంలో వయసులు 40, 45, 50, 60 దగ్గర గుట్టలుగా పడతాయి. అందుకే అనుభవం గల ఎన్యూమరేటర్ (ఇంటింటికీ వెళ్ళి వివరాలు రాసుకునే ఉద్యోగి) వయసెంతని అడిగి ఊరుకోడు. కృష్ణా జిల్లా తీరంలోనైతే 1977 నవంబరు దివిసీమ ఉప్పెన నాటికి నీకు పెళ్ళయిందా అమ్మా, పెద్దబ్బాయి అప్పటికి నడుస్తున్నాడా అని అడుగుతాడు. కోనసీమలోనైతే 1996 తుపానును, విశాఖలోనైతే 2014 హుద్‌హుద్‌ను తలుస్తాడు. ఇటువంటి స్థానిక ఘటనల క్యాలెండరును సర్వేకు ముందే తయారుచేసుకోవాలి. మరో దేశంలో పనిచేసేటప్పుడు అక్కడి కరువులు, ఎన్నికలు, యుద్ధాల క్యాలెండరును అక్కడివారితో కూర్చుని రాసుకోవాలి.

తప్పులు ఎలా పుడతాయో తెలుసుకోవాలి

పెద్ద ఆరోగ్య సర్వేలలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలకు చాలా పొడవైన ప్రశ్నావళి ఉంటుంది. రోజుకు ఇన్ని ఇళ్ళు పూర్తిచేయాలన్న ఒత్తిడిలో, ఎండన పడి తిరిగే ఇన్వెస్టిగేటర్ ఇంటి సభ్యుల జాబితా రాసేటప్పుడే 15 ఏళ్ళ పిల్లను 14గా, 49 ఏళ్ళ తల్లిని 50గా రాస్తే గంట పని తప్పుతుంది. వర్ధమాన దేశాల సర్వేలలో ఇది బాగా తెలిసిన తప్పు. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. ఒక్కొక్క ఇన్వెస్టిగేటర్ ఫారాలలో 14 ఏళ్ళవారు, 15 ఏళ్ళవారు ఎంతమంది ఉన్నారో ప్రతి వారం లెక్కపెట్టి, మిగిలిన బృందంతో పోల్చాలి. తేడా కనబడినప్పుడు మనిషిని తిట్టే ముందు ఆ రోజు లక్ష్యం సాధ్యమైనదేనా, జీతం సమయానికి అందిందా అని విచారించాలి. నేను పాలుపంచుకున్న ఒక సర్వేలో అత్యధిక తప్పులు వచ్చిన బృందానికి రెండు నెలలుగా ప్రయాణ భత్యం అందలేదని తరువాత తెలిసింది. ఆ బృందం గురించి నేను ముందుగా రాసిన కఠినమైన నోట్ తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

జననమరణాల లెక్కలో మన దేశం వాడే పద్ధతిని ప్రత్యేకంగా చదవమంటాను. శాంపిల్ రిజిస్ట్రేషన్ వ్యవస్థలో స్థానికంగా ఉండే ఎన్యూమరేటర్ పుట్టుకలను, చావులను ఎప్పటికప్పుడు రాస్తాడు. ఆరు నెలలకొకసారి సూపర్‌వైజరు వచ్చి స్వతంత్రంగా సర్వే చేస్తాడు. తరువాత రెండు జాబితాలనూ సరిపోల్చుతారు. దీని వెనుక ఉన్న సూత్రాన్ని 1949లో సి. చంద్రశేఖరన్, డెమింగ్ ప్రచురించారు. మొదటి జాబితాలో 90 పుట్టుకలు, రెండో జాబితాలో 80, రెండింటిలోనూ ఉన్నవి 72 అనుకుంటే, మొత్తం పుట్టుకలు 90 × 80 ÷ 72, అంటే 100. రెండు జాబితాలూ కలిపితే దొరికేవి 98 మాత్రమే కాబట్టి ఇద్దరి కంటా పడనివి 2 ఉన్నాయని అంచనా. అయితే సూపర్‌వైజరు సర్వేకు ముందే ఎన్యూమరేటర్ పుస్తకాన్ని తిరగేస్తే ఈ గుణకారం విలువ పోతుంది. రెండు జాబితాలూ అందంగా కలిసిపోతాయి, తప్పిపోయినవి శూన్యమని తేలుతుంది. అందుచేత మరీ చక్కగా కుదిరిన సరిపోలికను చూసినప్పుడు సంతోషించకుండా అనుమానించడం అలవాటు చేసుకోవాలి.

ప్రవేశ ద్వారాలు

కేంద్ర ప్రభుత్వంలో ప్రధానమైనది యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష. డిగ్రీలో గణాంకశాస్త్రం ఒక సబ్జెక్టుగా ఉన్నవారు, లేదా అందులో పీజీ చేసినవారు, 21 నుంచి 30 ఏళ్ళ మధ్య వయసులో రాయవచ్చు. వయసు సడలింపులు నియమాల ప్రకారం ఉంటాయి. రాతపరీక్ష 1000 మార్కులు, మౌఖిక పరీక్ష 200. ఇంగ్లిషుకు, జనరల్ స్టడీస్‌కు చెరో 100 పోగా, మిగిలిన 800 గణాంకశాస్త్రానివే. ఏటా కొద్ది పదుల పోస్టులే ఉంటాయి కాబట్టి దీనొక్కదాన్నే నమ్ముకుని నాలుగైదేళ్ళు గడపమని నేను చెప్పను.

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ద్వారా వచ్చే జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ ఉద్యోగాన్ని చాలామంది తక్కువగా చూస్తారు. నా దృష్టిలో ఈ వృత్తికి అంతకన్నా మంచి పునాది లేదు, ఎందుకంటే అందులో ఇళ్ళకూ కర్మాగారాలకూ దుకాణాలకూ వెళ్ళి షెడ్యూల్ (సర్వే ప్రశ్నల ఫారం) నింపే పనిని స్వయంగా తెలుసుకునే అవకాశం ఉంటుంది. తెలుగు రాష్ట్రాలలో అర్థగణాంక శాఖలు, జిల్లాల్లో ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయాలు ఉన్నాయి. మండల స్థాయి గణాంకాధికారికి పంటకోతలు, వర్షపాతం, ధరల సేకరణ అన్నీ చేతిమీదుగా జరుగుతాయి. పరిశోధన వైపు మనసున్నవారికి పటాన్‌చెరులోని అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ మంచి ఉదాహరణ. మహబూబ్‌నగర్ ప్రాంతంలోని ఔరేపల్లి వంటి గ్రామాలలో 1975 నుంచి అవే కుటుంబాలను ఏళ్ళ తరబడి అనుసరించిన దాని గ్రామ అధ్యయనాలను వర్ధమాన దేశాల ఆర్థికవేత్తలు విస్తృతంగా వాడుకున్నారు.

దేశం దాటి పనిచేయాలనుకుంటే

కలకత్తాలో 1950లో మొదలైన ఇంటర్నేషనల్ స్టాటిస్టికల్ ఎడ్యుకేషన్ సెంటర్‌కు ఆసియా, ఆఫ్రికా దేశాల ప్రభుత్వ గణాంక సిబ్బంది శిక్షణకు వస్తారు. జపాన్‌లోని చిబాలో ఐక్యరాజ్యసమితి శిక్షణ సంస్థ, టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో తూర్పు ఆఫ్రికా కేంద్రం, ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్‌లో ఫ్రెంచి మాట్లాడే దేశాలకు పేరున్న పాఠశాల ఉన్నాయి. పశ్చిమ ఆఫ్రికాలో పనిచేయదలచినవారు ఫ్రెంచి నేర్చుకోవడాన్ని ఇంకో సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం కన్నా ముందు పెట్టుకోవాలి. ఐక్యరాజ్యసమితి సంస్థలు సాధారణంగా కొన్నేళ్ళ అనుభవం అడుగుతాయి కాబట్టి స్వదేశంలో ఐదారేళ్ళు ప్రభుత్వ సర్వేలలో పనిచేసి వెళ్ళినవారి మాటకే అక్కడ విలువ ఉంటుంది.

అక్కడి పరిస్థితులు మనకంటే కఠినంగా ఉండవచ్చు. కాంగో ప్రజాస్వామిక గణతంత్రంలో చివరి జనగణన జరిగింది 1984లో. 1984లోనే మొదలై 90కి పైగా దేశాలలో జనాభా, ఆరోగ్య సర్వేలకు సాయపడిన డీహెచ్‌ఎస్ కార్యక్రమం 2025లో అమెరికా నిధులు ఆగిపోవడంతో నిలిచిపోయింది. బయటి డబ్బుతో, బయటి నిపుణులతో నడిచిన లెక్క ఆ డబ్బు ఆగిన రోజున ఏమవుతుందో దీనివల్ల తెలిసింది. కాబట్టి సలహాదారుగా వెళ్ళినవారు స్థానిక సిబ్బంది తామే నడపగలిగిన పద్ధతినే నెలకొల్పాలి. మీరు రాసిన ప్రోగ్రామును అక్కడి ఉద్యోగి మీ ఎదుట, మీ సాయం లేకుండా, మొదటి నుంచి చివరి దాకా నడిపి అదే పట్టికను తీసేవరకు పని పూర్తయిందని నివేదిక రాయకండి.

ఒత్తిడి వచ్చినప్పుడు

ఎప్పుడో ఒకప్పుడు సంఖ్యను ఆపమనో, తగ్గించమనో, పెంచమనో ఎవరో ఒకరు అడుగుతారు. పంటకోతలోనే ఇది కనిపిస్తుంది. దిగుబడి తక్కువని తేలితే రైతుకు బీమా పరిహారం వస్తుంది, ఎక్కువని తేలితే కంపెనీకి ఖర్చు తగ్గుతుంది, తాడు పట్టుకున్న ఉద్యోగి ఆ ఇద్దరి మధ్యా నిలబడతాడు. అర్జెంటీనాలో 2007 ప్రారంభంలో ధరల సూచీని చూసే గ్రాసియెలా బెవాక్వాను పదవి నుంచి తప్పించిన తరువాత అధికారిక ద్రవ్యోల్బణం మీద నమ్మకం పోయింది. 2013 ఫిబ్రవరిలో అంతర్జాతీయ ద్రవ్యనిధి ఆ దేశాన్ని అభిశంసించింది. అది తొలగడానికి 2016 వరకు పట్టింది. మన దేశంలో 2019 జనవరిలో జాతీయ గణాంక కమిషన్ నుంచి పి.సి. మోహనన్, జె.వి. మీనాక్షి రాజీనామా చేశారు. అప్పటికి విడుదల కాని 2017-18 శ్రామికశక్తి సర్వే నివేదిక అదే ఏడాది మే నెలలో 6.1 శాతం నిరుద్యోగంతో వెలువడింది.

రాజీనామా చివరి మెట్టు. అంతకుముందు చేయదగినవి చాలా ఉన్నాయి. విడుదల తేదీల క్యాలెండరును ఏడాది ముందే ప్రకటింపజేయండి. తేదీ అందరికీ తెలిసిన తరువాత నివేదికను ఆపడం కష్టమవుతుంది. పద్ధతిలో ఏ మార్పు చేసినా ఫలితం చూడకముందే రాసి, సంతకం చేసి, ఫైలులో పెట్టండి. ఐక్యరాజ్యసమితి గణాంక కమిషన్ 1994లో ఆమోదించిన, 2014లో సర్వసభ్య సభ సమర్థించిన పది మౌలిక సూత్రాల ప్రతిని దగ్గర ఉంచుకుని, పై అధికారికి రాసే నోట్‌లో సంబంధిత సూత్రాన్ని పేర్కొనండి. మీ సొంత అభిప్రాయంగా చెప్పిన మాటను తోసిపుచ్చినంత తేలికగా, మన దేశమూ ఒప్పుకున్న సూత్రాన్ని తోసిపుచ్చలేరు.

ఉద్యోగంలో మొదటి ఏడాది

మొదటి మూడు నెలలు ఎంత పని ఉన్నా వారానికి ఒక రోజు ఇన్వెస్టిగేటర్ వెంట వెళ్ళి, మాట్లాడకుండా పక్కన కూర్చోండి. ప్రశ్న ఫారంలో ఎలా ఉంది, ఇన్వెస్టిగేటర్ దాన్ని ఎలా అడిగాడు, ఇంటావిడ ఏమంది, చివరికి గడిలో ఏ సంఖ్య పడింది అనే నాలుగింటినీ ఒక నోటు పుస్తకంలో నాలుగు నిలువు వరుసలుగా రాసుకోండి. గడిలో పడిన కిలోల వెనుక ఆవిడ చెప్పిన మాట నాలుగు సోలలో, ఒక మానికో, అర కుంచమో అయి ఉంటుంది. వాటిని కిలోల్లోకి మార్చింది ఎవరో, ఏ కొలతతో మార్చారో అడిగి ఐదో వరుసలో చేర్చండి. వచ్చే రౌండ్ ప్రశ్నావళి ముసాయిదా మీ బల్ల మీదికి వచ్చేటప్పటికి ఆ పుస్తకంలో కనీసం వంద జవాబులు ఉండాలి.